రెండు బైనరీ ట్రీలు ఒకటేనా? ముందు "ఒకటే" అంటే ఏమిటో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెండు బైనరీ ట్రీలు (రూట్ అనే నోడ్‌తో మొదలై, ఒక్కో నోడ్‌కి ఎడమ, కుడి అని ఇద్దరికి మించి పిల్లలు లేని నిర్మాణాలు) ఇచ్చి అవి ఒకటేనో కాదో చెప్పమన్నారు. మీరు మొదట రెండింటినీ ఇన్‌ఆర్డర్‌లో నడిచి, వచ్చిన రెండు లిస్టులనీ పోల్చారు. చాలా టెస్టులు పాసయ్యాయి, కొన్ని ఫెయిలయ్యాయి. ఫ్రెండ్ చెప్పాడని జావాలో రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా, మళ్ళీ రాశారు. ఈసారి చిన్న సంఖ్యలున్న ట్రీలకి సరిగ్గానే చెబుతోంది, పెద్ద సంఖ్యలు వస్తే మాత్రం అచ్చం ఒకేలా ఉన్నవాటిని కూడా వేరంటోంది. ఆ మీదట ఇంటర్వ్యూలో "ఎడమా కుడీ తారుమారైనా ఒకటే అనుకుంటే?" అని అడిగారు, అక్కడ ఆగిపోయారు.

ఇవి మూడు వేర్వేరు చిక్కుల్లా కనిపిస్తాయి గానీ మొదటిదీ మూడోదీ నిజానికి ఒక్కటే: "ఒకటే" అన్న మాటకి అర్థం తేల్చుకోకుండా కోడ్‌లోకి దిగడం. రెండోది మాత్రం జావా పెట్టే కిరికిరి, దానికి మీ రికర్షన్ తప్పేమీ లేదు. వరుసగా చూద్దాం. కోడ్‌ని తెలుగులోనే రాస్తాను, జావాలోకి మార్చుకోవడం మీకు రెండు నిమిషాల పని.

ముందు ఇన్‌ఆర్డర్ సంగతి. రెండు నోడ్లు చాలు దాన్ని పడగొట్టడానికి. 1 రూట్, దాని కుడివైపు 2. ఇదొక ట్రీ. 2 రూట్, దాని ఎడమవైపు 1. ఇది ఇంకోటి. కాగితం మీద గీస్తే ఒకటి కుడికి వాలుతుంది, ఇంకోటి ఎడమకి. ఇన్‌ఆర్డర్ అంటే ముందు ఎడమ, తర్వాత తను, ఆ తర్వాత కుడి కాబట్టి రెండింటికీ 1, 2 అనే వస్తుంది. మీ కోడ్ "ఒకటే" అంటుంది. ఇదేదో అరుదుగా తగిలే కేసు అనుకోకండి. బైనరీ సెర్చ్ ట్రీలో, అంటే ప్రతి నోడ్‌కి ఎడమన చిన్నవి, కుడిన పెద్దవి ఉండే ట్రీలో, ఇన్‌ఆర్డర్ ఎప్పుడూ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా వస్తుంది, ట్రీ ఆకారం ఏదైనా సరే. 3 విలువలతో అలాంటి ట్రీని 5 రకాలుగా కట్టొచ్చు. 4 విలువలైతే 14, 5 అయితే 42, 10 విలువలకి 16,796. వీటినే కాటలాన్ సంఖ్యలంటారు. ఆ 16,796 ట్రీలకీ ఇన్‌ఆర్డర్ లిస్టు ఒక్కటే. అంటే మీ కోడ్ విలువలను చూస్తోంది తప్ప ఆకారాన్ని అస్సలు చూడటం లేదు.

ఇక్కడ చాలామందికి ఒక ఉపాయం తడుతుంది. పిల్లలు లేని చోట ఒక గుర్తు, # అనుకుందాం, పెడితే ఆకారం కూడా లిస్టులోకి వచ్చేస్తుంది కదా అని. ప్రీఆర్డర్‌లో, అంటే ముందు తను, తర్వాత ఎడమ, ఆ తర్వాత కుడి అని నడిస్తే, అది పనిచేస్తుంది. ఇన్‌ఆర్డర్‌లో పనిచేయదు. పైన చెప్పిన రెండు ట్రీలకే వేసి చూడండి. మొదటిదానికి # 1 # 2 # వస్తుంది. రెండోదానికీ # 1 # 2 # వస్తుంది. ఏ ట్రీకి వేసినా ఇన్‌ఆర్డర్‌లో ఒక నల్ (పిల్ల లేని చోటు), ఒక విలువ, ఒక నల్, ఒక విలువ ఇలాగే ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఎన్ని నోడ్లుంటే అంతకంటే ఒకటి ఎక్కువ నల్‌లు, అంతే. ఆ గుర్తులు కొత్తగా చెప్పేది సున్నా. నేనూ ఒకప్పుడు ఇందులో పడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అదే ప్రీఆర్డర్‌లో మొదటిది 1 # 2 # #, రెండోది 2 1 # # #. తేడా వెంటనే బయటపడింది. కారణం తేలికే: ప్రీఆర్డర్‌లో ముందు రూట్ వస్తుంది, కాబట్టి ఎక్కడున్నామో మొదటి అడుగులోనే తెలుస్తుంది. ఇన్‌ఆర్డర్ లిస్టులో రూట్ ఎక్కడో మధ్యలో ఉంటుంది, అది ఏదో లిస్టు చెప్పదు.

కానీ రెండు లిస్టులు కట్టి పోల్చడం ఎందుకసలు? ప్రెస్‌లో పెళ్ళి కార్డు ప్రూఫు చూడటం గుర్తుందా. ఒకరు రాతప్రతి చదువుతూ ఉంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి కదుపుకుంటూ పోతారు. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగుతారు. రెండు కాగితాలనీ విడివిడిగా బట్టీపట్టి ఆ తర్వాత పోల్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ట్రీలకీ అదే పద్ధతి. రెండు వేళ్ళు, ఒక్కో ట్రీ మీద ఒకటి, కలిసి కదలాలి.

ఇప్పుడు "ఒకటే" అంటే ఏమిటో మాటల్లో చెప్పుకుందాం. రెండు ఖాళీ ట్రీలు ఒకటే. ఒకటి ఖాళీ, ఇంకోటి కాదు అంటే వేరు. రెండూ ఖాళీ కాకపోతే, రూట్‌ల విలువలు సమానమై, ఎడమ సబ్‌ట్రీలు రెండూ ఒకటై, కుడి సబ్‌ట్రీలు రెండూ ఒకటైతేనే అవి ఒకటే. ఈ నిర్వచనంలోనే "ఒకటే" అన్న మాట మళ్ళీ వచ్చింది చూశారా? రికర్షన్ అంటే అంతే. కోడ్ అంటూ కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు, నిర్వచనాన్ని దించుకోవడమే. కింద → అంటే రిటర్న్.

ఒకటేనా(క, చ):
    క, చ రెండూ నల్ అయితే → నిజం
    రెండింటిలో ఒకటే నల్ అయితే → అబద్ధం
    క.విలువ, చ.విలువ వేరైతే → అబద్ధం
    → ఒకటేనా(క.ఎడమ, చ.ఎడమ) && ఒకటేనా(క.కుడి, చ.కుడి)

రికర్షన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు లోపల జరిగే పిలుపులన్నీ మనసులో ఊహించుకోబోయి మూడో మెట్టు దగ్గర తప్పిపోతారు. అలా చేయకండి. చిన్న ట్రీల మీద ఈ ఫంక్షన్ సరిగ్గా చెబుతుందని నమ్మండి. ఆ నమ్మకం మీద పెద్ద ట్రీకి జవాబు సరిగ్గా వస్తోందా అన్నది మాత్రమే చూడండి. గణితంలో దీన్నే ఇండక్షన్ అంటారు, అడుగున నల్ కేసు పునాది.

ఒక్కసారి మాత్రం చేత్తో నడిపి చూడటం మంచిదే. మొదటి ట్రీ: రూట్ 5, ఎడమ 3, కుడి 8. రెండోది అదే, కాకపోతే 8కి ఎడమవైపు 7 వేలాడుతోంది. (5, 5) సమానం, ఎడమకి వెళ్తాం. (3, 3) సమానం, దాని కింద రెండువైపులా నల్, నల్: నిజం, నిజం. వెనక్కి వచ్చి కుడికి. (8, 8) సమానం. దాని ఎడమ: ఒకవైపు నల్, ఇంకోవైపు 7. అబద్ధం. 8 కుడివైపు ఏముందో చూసే పనే లేదు. మొత్తం 6 పిలుపులు. 7 లేకుండా రెండూ అచ్చంగా ఒకటే అయి ఉంటే 7 పిలుపులు పట్టేవి. ఒకేలాంటి ట్రీలకి ఎప్పుడూ ఇంతే, నోడ్ల సంఖ్యకి రెట్టింపు, పైన ఒకటి.

ఆ ఆరో పిలుపులో ఆగగలిగింది && వల్ల. కొందరు చదవడానికి బాగుంటుందని ఎడమ జవాబుని ఒక వేరియబుల్‌లో, కుడి జవాబుని ఇంకో వేరియబుల్‌లో పెట్టుకుని చివర్లో && చేస్తారు. జవాబు తప్పదు గానీ ఎడమవైపు తేడా తెలిసిపోయాక కూడా కుడివైపంతా తిరిగొస్తుంది. ఇంకా ఘోరమైనది, రికర్సివ్ పిలుపులు పిలిచి వాటి జవాబుని వదిలేయడం: ఎడమకి పిలిచాడు, కుడికి పిలిచాడు, చివర్లో నిజం అని రిటర్న్ చేశాడు. రూట్ విలువలు కలిస్తే చాలు, లోపల ఎంత తేడా ఉన్నా "ఒకటే" అంటుంది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడు నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. రెండో స్థానం నల్ చూడకముందే క.విలువ తీయబోయి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ తెచ్చుకోవడానికి.

ఇక మీ పెద్ద సంఖ్యల గొడవ. మీ నోడ్‌లో విలువ రకం ఇంట్ కాదు, ఇంటీజర్ అయి ఉంటుంది, పోల్చింది == తో అయి ఉంటుంది. ఇంటీజర్ అంటే ఆబ్జెక్టు. ఆబ్జెక్టుల మధ్య == విలువలను పోల్చదు, రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూస్తుంది. మరి చిన్న సంఖ్యలకి ఎలా పనిచేసింది? ఇంట్‌ని ఆటోబాక్సింగ్‌తో ఇంటీజర్‌గా మార్చేటప్పుడు -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకి జావా ముందే ఆబ్జెక్టులు చేసి దాచుకుని, ప్రతిసారీ వాటినే ఇస్తుంది. కాబట్టి 127కి == నిజం. 128కి మామూలు సెట్టింగుల్లో రెండు వేర్వేరు ఆబ్జెక్టులు తయారవుతాయి, == అబద్ధం. మీ టెస్టులన్నీ 1, 2, 3తో రాసుకుంటే ఈ పురుగు జన్మలో దొరకదు. ఈక్వల్స్ మెథడ్ వాడండి. లేదా విలువని మామూలు ఇంట్‌గా పెట్టుకోండి, గొడవే ఉండదు.

విలువలు దశాంశాలైతే ఇంకో మెలిక ఉంది. మామూలు డబుల్ రకంలో నాన్, అంటే "సంఖ్య కాదు" అనే విలువ, తనకి తానే సమానం కాదు. అది ఒక్క నోడ్‌లో ఉన్నా ట్రీని దానితో దాన్నే పోల్చినా "వేరు" అంటుంది. బాక్స్ చేసిన డబుల్‌కి ఈక్వల్స్ వాడితే నాన్, నాన్ సమానం. కానీ అక్కడ 0.0, -0.0 వేరైపోతాయి. ఏది కావాలో మీ పనిని బట్టి ఎంచుకోవాలి. మళ్ళీ అదే మాట: సమానం అంటే ఏమిటి?

ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మాత్రం ఇవేవీ కాదు, పేరెంట్ పాయింటర్. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒకచోట ట్రీ నోడ్‌లో ఎడమ, కుడితో పాటు తండ్రి నోడ్‌కి కూడా పాయింటర్ ఉండేది. ఎవరో ఐడీఈలో (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో) మెనూ నొక్కి ఈక్వల్స్ మెథడ్‌ని ఆటోమేటిక్‌గా తయారుచేయించారు. అది ఫీల్డులన్నిటినీ పోల్చింది, తండ్రితో సహా. పిల్లని పోల్చాలంటే తండ్రిని పోల్చాలి, తండ్రిని పోల్చాలంటే మళ్ళీ ఆ పిల్లనే. స్టాక్ (ఇంకా పూర్తికాని పిలుపులని దాచుకునే మెమరీ) నిండేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. విచిత్రం ఏమిటంటే విలువలు వేరుగా ఉన్నప్పుడు బాగానే పనిచేసేది, ఎందుకంటే తండ్రి దాకా వెళ్ళకముందే ఆగిపోయేది. నిజంగా ఒకేలాంటి ట్రీలు ఎదురైనప్పుడే కూలేది. పట్టుకోవడానికి మాకు దాదాపు ఒక రోజు పట్టింది. ఎడమ, కుడి కిందికి దిగే దారులు. పోల్చే ఫంక్షన్ కిందికి మాత్రమే దిగాలి.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు ట్రీలలో చిన్నదాని నోడ్ల సంఖ్యకి అనులోమంగా సమయం పడుతుంది, ఎందుకంటే చిన్నది అయిపోయిన చోట నల్ తగిలి ఆగిపోతాం. ఒకటి 10 లక్షల నోడ్లు, ఇంకోటి 3 నోడ్లు అయితే 7 పిలుపులు కూడా దాటవు. స్టాక్ మీద పడే బరువు మాత్రం నోడ్ల సంఖ్యని బట్టి కాదు, లోతుని బట్టి. చక్కగా బ్యాలెన్స్ అయిన ట్రీలో 10 లక్షల నోడ్లున్నా లోతు 20 మెట్లే. కానీ మామూలు బైనరీ సెర్చ్ ట్రీలోకి విద్యార్థుల రోల్ నంబర్లని వరుసలో ఇన్సర్ట్ చేశారనుకోండి, ప్రతిదీ కుడికే వెళ్ళి ట్రీ కాస్తా తాడులా సాగుతుంది. లక్ష రోల్ నంబర్లుంటే లక్ష మెట్ల లోతు. పైథాన్‌లో రికర్షన్ హద్దు మామూలుగా 1000, అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జావాకి అలాంటి లెక్క ఏమీ లేదు, థ్రెడ్‌కి ఇచ్చిన స్టాక్ నిండినప్పుడు స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ విసురుతుంది.

లోతు మీద భరోసా లేనప్పుడు స్టాక్‌ని మనమే పెట్టుకోవాలి:

ఒకటేనా(క, చ):
    స్టాక్‌లో (క, చ) జతని పెట్టు
    స్టాక్ ఖాళీ అయ్యేదాకా:
        పైనున్న (ప, బ) జతని తియ్యి
        రెండూ నల్ అయితే తర్వాతి జతకి వెళ్ళు
        ఒకటే నల్ అయితే → అబద్ధం
        విలువలు వేరైతే → అబద్ధం
        (ప.కుడి, బ.కుడి) పెట్టు
        (ప.ఎడమ, బ.ఎడమ) పెట్టు
    → నిజం

ఇది రికర్షన్ కాకుండా పోలేదు. మెషీన్ దాచుకునే జాబితాని మన చేతిలోకి తీసుకున్నాం, అంతే. జావాలో రాసేటప్పుడు ఒక జాగ్రత్త: జత కోసం వేరే క్లాసు ఎందుకులే అని జావా ఇచ్చే ఎర్రేడెక్ (ArrayDeque) జాబితాలో ప, బ లను విడివిడిగా పెడితే, అది నల్‌ని ఒప్పుకోదు, వెంటనే ఎక్సెప్షన్ విసురుతుంది. జతగా చుట్టి పెట్టండి, లేదా పెట్టకముందే నల్ సంగతి తేల్చేయండి.

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్న. "ఎడమా కుడీ తారుమారైనా ఒకటే" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఆయన ఏది అడిగారో తెలియాలంటే మీరు తిరిగి అడగాల్సింది. మొదటి అర్థం, అద్దంలో బొమ్మ: ప్రతి నోడ్ దగ్గరా ఎడమ కుడి కచ్చితంగా మారాలి. దానికి మొదటి రికర్షన్ కోడ్‌లో చివరి లైను మార్చితే చాలు, క.ఎడమని చ.కుడితో, క.కుడిని చ.ఎడమతో పోల్చండి. రెండో అర్థం, ఏ నోడ్ దగ్గరైనా ఇష్టముంటే తిప్పొచ్చు, లేకపోతే లేదు. ఇదే కాస్త రుచికరమైనది:

తిప్పినా_ఒకటేనా(క, చ):
    (మొదటి మూడు లైన్లు ఆ రికర్షన్ కోడ్‌లోవే)
    → ( తిప్పినా_ఒకటేనా(క.ఎడమ, చ.ఎడమ) && తిప్పినా_ఒకటేనా(క.కుడి, చ.కుడి) )
       || ( తిప్పినా_ఒకటేనా(క.ఎడమ, చ.కుడి) && తిప్పినా_ఒకటేనా(క.కుడి, చ.ఎడమ) )

ఒక్కో పిలుపులో మళ్ళీ నాలుగు పిలుపులు కనిపించేసరికి చాలామంది "అమ్మో, ఇది ఎక్స్‌పొనెన్షియల్" అనేస్తారు. ఇంటర్వ్యూలో అలా అంటే దొరికిపోతారు. ఆలోచించండి: (క, చ) అనే జత దగ్గరికి ఎలా వస్తాం? క తండ్రి, చ తండ్రి కలిసిన జత నుంచే. ప్రతి నోడ్‌కి తండ్రి ఒక్కడే కాబట్టి ఆ జతకి వచ్చే దారి కూడా ఒక్కటే. అంటే ఏ జతనీ రెండోసారి పోల్చడం జరగదు. మొదటి ట్రీలో ఎన్ నోడ్లు, రెండోదానిలో ఎమ్ నోడ్లు ఉంటే జతలు ఎన్ ఇంటూ ఎమ్ దాటవు. మెమోయిజేషన్ పెట్టడం కూడా దండగే, ఒకసారి దాచుకున్న జవాబుని మళ్ళీ అడిగేవాళ్ళు ఉండరు. 

అయినా అది పైహద్దు మాత్రమే. విలువలన్నీ వేర్వేరుగా ఉంటే తప్పు జత మొదటి చూపులోనే విలువ కలవక చచ్చిపోతుంది, కాబట్టి ఖర్చు నోడ్ల సంఖ్యకి అనులోమంగానే ఉంటుంది. బాధపెట్టేవి విలువలన్నీ ఒకటే అయి, తేడా ఎక్కడో అడుగున ఉన్న ట్రీలు. 10 మెట్ల నిండు ట్రీలో 1,023 నోడ్లుంటాయి. దాని అడుగు మెట్టులోనే 512 ఇంటూ 512, అంటే 2,62,144 జతలు కుదురుతాయి.

ఆ ఎన్ ఇంటూ ఎమ్ ఖర్చు కూడా వద్దనుకుంటే పోల్చడం మానేసి, ముందు రెండు ట్రీలనీ ఒక నిర్ణీత రూపంలోకి తెచ్చుకోవాలి. ఆకుల నుంచి పైకి వస్తూ ప్రతి నోడ్‌కి ఒక కోడ్ ఇస్తాం: దాని విలువ, దాని ఇద్దరు పిల్లల కోడ్‌లు చిన్నది ముందు, పెద్దది వెనక. పిల్లలని వరుసలో పెట్టేశాం కాబట్టి ఎవరు ఎడమ, ఎవరు కుడి అన్న తేడా చెరిగిపోయింది. చివర్లో రెండు రూట్‌ల కోడ్‌లు కలిస్తే ట్రీలు ఒకటే. కోడ్‌లు పొడుగు పెరిగిపోకుండా ఒక్కో మెట్టులో వాటికి చిన్న చిన్న సంఖ్యలు పేర్లుగా ఇస్తారు. ఏహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్మన్ 1974లో ఈ పద్ధతిని రాశారు. వాళ్ళ పేర్ల మీదే ఏహెచ్‌యూ అంటారు. బైనరీ ట్రీలకే కాదు, ఎంతమంది పిల్లలున్నా పనిచేస్తుంది.

ఇదే ఆలోచనలో కోడ్ బదులు హాష్ (లోపలున్న డేటా నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు సంఖ్య) పెట్టుకుంటే, ఒకే ట్రీని పదే పదే పోల్చాల్సిన చోట పని బాగా తగ్గుతుంది. ప్రతి నోడ్‌లోనూ దాని సబ్‌ట్రీ మొత్తానికి ఒక హాష్. హాష్‌లు వేరైతే సబ్‌ట్రీలు కచ్చితంగా వేరు. హాష్‌లు ఒకటే అయితే మామూలుగా లోపలికి దిగే పనే లేదు. రాల్ఫ్ మెర్కిల్ 1979లో పేటెంట్‌కి పెట్టిన నిర్మాణం ఇదే, ఆయన పేరుతోనే మెర్కిల్ ట్రీ అంటారు. కోడ్‌లో మార్పులని భద్రపరచడానికి మీరు రోజూ వాడే గిట్‌లో ఇది ఉంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసినప్పటి నుంచీ ప్రతి డైరెక్టరీ ఒక ట్రీ ఆబ్జెక్టు, దాని పేరు దాని లోపలున్నవాటి హాష్. రెండు కమిట్‌ల మధ్య తేడా అడిగితే, హాష్ మారని డైరెక్టరీలలోకి గిట్ అసలు తొంగిచూడదు. లక్ష ఫైళ్ళ రెపోలో ఒక్క ఫైలు మారితే ఆ ఫైలు దాకా వెళ్ళే దారి ఒక్కటే నడుస్తుంది. కసాండ్రా డేటాబేస్‌లో రిపేర్ నడిపినప్పుడూ అంతే. కాపీలున్న మెషీన్లు డేటా మొత్తాన్ని ఇటూ అటూ పంపుకోవు, తలా ఒక మెర్కిల్ ట్రీ కట్టుకుని వాటిని పోల్చుకుని, తేడా ఉన్న భాగాలనే మార్చుకుంటాయి.

హాష్‌లో ఒక పొరపాటు మాత్రం చేయకండి. ఎడమ హాష్, కుడి హాష్ రెండింటినీ ఊరికే కూడితే ఎడమ కుడి తారుమారైన ట్రీలకి కూడా ఒకే హాష్ వస్తుంది. మొదటి నిర్వచనం కావాలంటే అది తప్పు, క్రమం తెలిసేలా కలపాలి. తిప్పినా ఫర్వాలేదు అనే నిర్వచనమైతే క్రమం తెలియకూడదు, అలాగని ఊరికే కూడకండి. పిల్లల హాష్‌లని వరుసలో పెట్టి అప్పుడు కలపండి. నల్‌కి కూడా ఒక హాష్ ఉండాలి, లేకపోతే ఒక్క పిల్ల ఎడమన ఉందో కుడిన ఉందో తెలియదు. హాష్‌లు కలిసినంత మాత్రాన వస్తువులు ఒకటే అన్న హామీ కూడా ఉండదు. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ, గూగుల్ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్ఏ-1 హాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్ళని చేసి చూపించారు. పక్కాగా తెలియాల్సిన చోట, హాష్ కలిశాక ఒకసారి పూర్తిగా పోల్చి నిర్ధారించుకోండి.

దీని తర్వాత మిమ్మల్ని తప్పకుండా అడిగేది "ఈ చిన్న ట్రీ ఆ పెద్ద ట్రీలో సబ్‌ట్రీగా ఉందా" అని. పెద్దదానిలోని ప్రతి నోడ్ దగ్గరా నిలబడి ఒకటేనా ఫంక్షన్‌ని పిలవడమే తేలిక దారి, ఎన్ ఇంటూ ఎమ్ ఖర్చు. తగ్గించాలంటే రెండింటినీ నల్ గుర్తులతో ప్రీఆర్డర్‌లో రాసి, ఒకదానిలో ఇంకోదాన్ని వెతకాలి. వెతకడానికి కేఎంపీ, 1977లో నూత్, మోరిస్, ప్రాట్ ప్రచురించిన అల్గారిథమ్, ఉంది. కానీ అక్కడో గుంట ఉంది. పెద్ద ట్రీలో 12 అనే ఒంటరి నోడ్ ఉందనుకోండి, రాస్తే "12,#,#" అవుతుంది. చిన్న ట్రీ 2 అయితే "2,#,#". స్ట్రింగుగా చూస్తే రెండోది మొదటిదానిలో ఉంది! ప్రతి విలువ ముందు కూడా కామా పెడితే ఈ గుంట పూడుతుంది.

"ఎంత తేడా ఉంది" అని అడిగితే అది పూర్తిగా వేరే లోకం. ట్రీ ఎడిట్ డిస్టెన్స్ అంటారు. 1979లో తాయ్, 1989లో జాంగ్, షాషా దాని మీద పనిచేశారు. ఖరీదైన లెక్క అది. రియాక్ట్ లాంటి లైబ్రరీలు స్క్రీన్ మీద ఏం మారిందో కనుక్కోవడానికి ఆ పూర్తి లెక్క జోలికి పోకుండా, రెండు రకాలు వేరైతే సబ్‌ట్రీ మొత్తం కొత్తదే అనుకునే అడ్డదారి వాడతాయి. ఇప్పుడు మీకు అది అక్కర్లేదు.

చివరికి మీ మొదటి కోడ్ దగ్గరికే వద్దాం. దాన్ని పారేయకండి. "రెండు బైనరీ సెర్చ్ ట్రీలలో ఉన్న విలువలు అవేనా, ఆకారంతో పనిలేదు" అని అడిగితే ఇన్‌ఆర్డరే సరైన జవాబు. గో లాంగ్వేజ్ నేర్పే అధికారిక టూర్‌లో సరిగ్గా ఈ అభ్యాసమే ఉంది: రెండు ట్రీలని రెండు గోరొటీన్‌లు (పక్కపక్కనే నడిచే ఫంక్షన్లు) నడుస్తూ ఒక్కో విలువని చానెల్‌లోకి వదులుతుంటే, ఇటు రెండు చానెళ్ళ నుంచీ ఒక్కొక్కటి తీసి పోల్చాలి. రెండు లిస్టులు పూర్తిగా కట్టడం ఉండదు, మొదటి తేడాకే ఆగొచ్చు. పైథాన్‌లో జనరేటర్, జావాలో స్టాక్ పెట్టుకున్న ఇటరేటర్ అదే పని చేస్తాయి. ఇక్కడ రికర్షన్‌తో రెండు ట్రీలనీ కలిపి నడవలేం, ఎందుకంటే ఆకారాలు వేరైతే రెండు వేళ్ళూ ఒకే దారిలో కదలవు. మీ ఫంక్షన్‌కి పేరు ఒకటేనా అని కాకుండా అవే_విలువలా అని పెట్టి ఉంటే మీ మొదటి కోడ్‌లో తప్పే లేదు.

కోడ్ సరిచేశాక ఈ ట్రీలతో నడిపి చూడండి. రెండూ నల్. ఒకటి నల్, ఇంకోటి ఒక్క నోడ్, ఆ తర్వాత అవే అటుదిటు. 1కి కుడివైపు 2, 2కి ఎడమవైపు 1. రూట్ 1, ఒకదానిలో ఎడమవైపు 2, ఇంకోదానిలో కుడివైపు 2. ఒకటేనా దీన్ని వేరనాలి, తిప్పినా_ఒకటేనా ఒకటే అనాలి. విలువ 127 ఉన్న ఒంటరి నోడ్లు రెండు, 128 ఉన్నవి రెండు, విడివిడిగా తయారుచేసినవి. కుడికే వేలాడే లక్ష నోడ్ల తాడులు రెండు, చిట్టచివరి నోడ్‌లో మాత్రమే తేడా పెట్టి. ఈ ఆఖరిదానికి రికర్షన్ వెర్షన్ కూలిపోయినా కంగారుపడకండి, స్టాక్ వెర్షన్ మాత్రం అబద్ధం అని చెప్పి బయటికి రావాలి.